మాత్ర ఆపి చూద్దాం

"ఇటు చూడండి మామయ్యా, మీ కళ్ళతో మీరే చూడండి" అంటూ భావన తన తల్లి కుడిచేతిని కిటికీ వెలుతురులోకి లాగింది.

ఆ చేతిలో ఎలాగూ జీవం లేదు, ఎటు లాగితే అటు వస్తుంది. భావన జాకెట్టు చెయ్యిని భుజం దాకా పైకి తోసింది. మోచేతికి పైన వంకాయ రంగులో నాలుగు మచ్చలు, పక్కపక్కనే. మణికట్టు దగ్గర ఇంకోటి, కాస్త పాతది, పసుపు తిరిగింది.

త్రినాథరావు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి వచ్చాడాయన. సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు డిపో గేటు దాటడం లేదు, ఆటోవాళ్ళు నోటికొచ్చింది అడుగుతున్నారు. అయినా మేనకోడలు ఫోన్లో వెక్కి వెక్కి ఏడ్చేసరికి ఆగలేకపోయాడు. నిజం చెప్పాలంటే ఆగేవాడు కూడా కాదు. తనుండే అపార్టుమెంటు సంఘానికి ఆయనే అధ్యక్షుడు. నీళ్ళ మోటారు దగ్గర్నుంచి మొగుడూ పెళ్ళాల గొడవ దాకా ఆయన తీర్పు చెప్పని తగవు లేదు, అడిగినా అడక్కపోయినా.

"వేళ్ళు. ఇవి వేళ్ళే" అన్నాడు.

దిండుకి ఆనించి కూర్చోబెట్టిన హనుమాయమ్మ అందరినీ చూస్తోంది. పక్షవాతానికి మూతి వంకర పోయిందిగాని చూపు వంకర పోలేదు. తమ్ముడి మొహంలో కోపం ఎక్కుతుంటే ఆమె కడుపులో చల్లగా ఏదో దిగింది. ఎన్నాళ్ళకి తన కోసం ఒకరు కోప్పడ్డారు!

వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ కోడలు సంతోషి వచ్చింది.

"మామయ్యా, అవి దెబ్బలు కావు. అత్తమ్మకు రక్తం పలచబడే గోలి ఇస్తున్నం గదా. జర గట్టిగ పట్టుకున్నా కములుతది. దవాఖానల డాక్టరే చెప్పిండు."

"అంటే గట్టిగా పట్టుకున్నావన్నమాట" అన్నాడు త్రినాథరావు.

"బాత్‌రూంల కాలు జారింది. పట్టుకోకుంటే పడిపోతుండె."

"ఎవరు చూశారు?"

"బాత్‌రూంల ఎవరు చూస్తరు మామయ్యా?"

భావన నవ్వింది. ఆ నవ్వుకి సంతోషి మొహం ఎర్రబడింది. అంతలోనే భావన లేచి, సంతోషి చెయ్యి చటుక్కున పట్టుకుని, తల్లి చేతి మీదకి తెచ్చి, ఒక్కొక్క వేలూ ఒక్కొక్క మచ్చ మీద పెట్టింది. గాజుల కొట్లో చేతికి కొలత చూసినట్టు చూసింది. నాలుగు వేళ్ళూ నాలుగు మచ్చల మీద సరిగ్గా కూర్చున్నాయి.

"చూశారా? ఇంకా సాక్ష్యం కావాలా?"

సంతోషి చెయ్యి వెనక్కి లాక్కుంది. వేళ్ళు తనవే. కాదని ఎలా అంటుంది?

హనుమాయమ్మకి ఆ పొద్దున అంతా గుర్తుంది. తడి గచ్చు మీద ఎడమకాలు సర్రుమని జారింది. ఒళ్ళంతా గాల్లో తేలింది. అప్పుడు ఈ చెయ్యే వచ్చి పట్టుకుంది. ఇద్దరూ కలిసి గోడకి కొట్టుకున్నారు. అత్తగారి తల గోడకి తగలకుండా మధ్యలో తన మోచెయ్యి పెట్టింది సంతోషి. ఆ మోచేతి మీద చెక్కు కట్టిన గీరు ఇప్పటికీ ఉంది. దాన్ని మాత్రం ఎవరూ కిటికీ దగ్గరికి లాగి చూడలేదు.

తెలుసు. అంతా తెలుసు. అయినా హనుమాయమ్మ నోరు మెదపలేదు.

మీరు ఆమెని తిట్టుకోవచ్చు, నేను అడ్డం రాను. కాని నాలుగేళ్ళ కడుపుమంట ఒక్క పూటలో చల్లారదు. కొడుకు ప్రసన్నకుమార్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతూ చెబుతూ, అక్కడే ఫీజుల కౌంటర్లో కూర్చునే పిల్లని రిజిస్ట్రారాఫీసులో పెళ్ళాడి తీసుకొచ్చాడు. నల్గొండ నుంచి లారీ నడుపుకోవడానికి వచ్చిన మట్టయ్య కూతురు. మా రేపల్లె వైపు సంబంధాలు గొడ్డుపోయాయా అని ఆమె ఆనాడు అన్నది, ఆ మాట మీదే ఉంది. కోడలు వండిన అన్నం ముట్టలేదు. తనకని వేరే కుక్కరు పెట్టుకుంది.

మూడు నెలల కిందట ఆ కుక్కరు దింపుతూనే కూలబడింది. కుడిపక్కా, మాటా పడిపోయాయి. ఇక ఆ పిల్ల చేత్తోనే తినాల్సొచ్చింది. ఆ పిల్ల చేత్తోనే కడిగించుకోవాల్సొచ్చింది. తమకి చాకిరీ చేసినవాళ్ళని క్షమించడం అందరికీ చేతకాదు. హనుమాయమ్మకి అసలే చేతకాదు.

"నువ్వేమంటావురా ప్రసన్నా?" అన్నాడు త్రినాథరావు.

ప్రసన్నకుమార్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. తల్లి వంక చూడలేదు, పెళ్ళాం వంకా చూడలేదు. గోడ మీద క్యాలెండరు చూశాడు.

"నాకేం తెలుసు మామయ్యా. నేను బయట తిరిగేవాణ్ణి."

"గట్లంటవేంది?" సంతోషి గొంతు పెరిగింది. "గీ గోలి ఏసుకునేటోళ్ళకు నెల నెలా రక్త పరీక్ష చెయ్యాలె, పలచన ఎక్కువైతే డాక్టరు గోలి తగ్గిస్తడని నీకు తెల్వదా? పరీక్ష దినం దాటిపోయిందని నీకు చెప్పలేదా నేను? మచ్చలు లేస్తున్నయి, పరేషాన్ ఉన్నదని చెప్పలేదా?"

"సమ్మె కదా... రోడ్ల మీద రాస్తారోకోలు... అయిపోయాక తీసుకెళదామన్నాను."

"ఆటో మాట్లాడుకుందామన్న. రేపు రేపు అన్నవు."

"ఇప్పుడు నా మీద పెడతావా?" అన్నాడు ప్రసన్నకుమార్. పరీక్ష తప్పింది తన వల్ల అని ఒప్పుకుంటే మచ్చలు మాత్ర వల్లేనని ఒప్పుకున్నట్టు. ఒప్పుకోకపోతే పెళ్ళాం చేతివి అని ఒప్పుకున్నట్టు. రెంటిలో ఏది సుఖమో ఆ లెక్కల మాస్టారు అప్పుడే లెక్కేసుకున్నాడు.

కింద రోడ్డు మీద ఊరేగింపు పోతోంది. డప్పులూ, నినాదాలూ. "జై తెలంగాణ" అన్న కేక అద్దాలు దాటి గదిలోకి వచ్చింది. భావన లేచి కిటికీ రెక్క దభాలున మూసింది.

"బయటేమో వెళ్ళిపొమ్మంటారు. లోపలేమో ఒళ్ళు కమిలేలా కొడతారు. ఎక్కడికి పోవాలి మామయ్యా మేం?"

"భావనా, నోరు మంచిగ పెట్టు. నిన్నెవరు పొమ్మన్నరు? నేనే వొచ్చి మీ ఇంట్ల ఉన్న. మీ అమ్మకు గుడ్డలు మార్చేది నేను, నువ్వు గాదు. మూడు నెలల్ల ఎన్నిసార్లొచ్చినవ్?"

"అందుకేనా ఆ కోపం? చాకిరీ చెయ్యాల్సొచ్చిందని కొడతావా?"

"కొట్టలే అంటున్న!"

"అరవకమ్మా" అన్నాడు త్రినాథరావు, ఇంత సేపూ ఆయన దాని కోసమే కాచుకున్నట్టు. "కొట్టావో లేదో చెప్పాల్సింది నువ్వు కాదు. దెబ్బలు తిన్న మనిషి ఎదురుగా ఉంది." కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాడు. "అక్కయ్యా. నే చెప్పేది తెలుస్తోందా? మాట రాకపోతే పోనీ, తల ఊపు చాలు. ఈ అమ్మాయి నిన్ను కొట్టిందా?"

హనుమాయమ్మ తల అడ్డంగా ఊపితే అయిపోయేది. తల ఒక్కటే కాదు, మాట కూడా వచ్చేది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. కొన్నాళ్ళుగా అందరూ నిద్రపోయే వేళ ఆమె దుప్పటి కింద నోట్లో నోట్లో మాటలు కూడబలుక్కుంటోంది. ఉప్పు. పాలు. ప్రసన్నా. మొదట ముద్దముద్దగా, తర్వాత తేటగా. బయటపెట్టలేదు. మాటొచ్చిందంటే కోడలితో మాట్లాడాలి. పొద్దున లేస్తే ఆ పిల్ల "అత్తమ్మా, ఇయ్యాల మంచిగున్నదా?" అంటుంది, దానికి బదులు చెప్పాలి.

ఆమె తల ఊపలేదు. మెల్లగా మొహం గోడ వైపు తిప్పుకుంది. కంట్లోంచి ఒక చుక్క దానంతటదే జారింది. దొంగ చుక్క కాదది, కాని నిజమైన చుక్కా కాదు.

"చాలు" అన్నాడు త్రినాథరావు. "ఇంకేం చెప్పాలి మనిషి?"

"ఆమెకు సమజ్ అయితలేదు మామయ్యా" అంది సంతోషి. "డాక్టరు చెప్పిండు, గీ జబ్బుల అవునంటే కాదని, కాదంటే అవునని అయితదట. అత్తమ్మను ఏమనకుండ్రి. ఆమె తప్పేం లేదు."

గోడ వైపు తిరిగి ఉన్న హనుమాయమ్మకి ఆ మాట చెవిలో సీసం పోసినట్టయింది. తనని వెనకేసుకొస్తోంది! ఒళ్ళు మండిపోయింది.

త్రినాథరావు గొంతు సవరించుకున్నాడు. తీర్పుకి ముందు ఆయన అలాగే చేస్తాడు.

"మా నాన్న ఊళ్ళో దొంగతనం జరిగితే అందరి చేతా గుప్పెడు బియ్యం నమిలించేవాడు. దోషికి నోరు ఎండిపోతుంది, బియ్యం పొడిపొడిగా ఉంటాయి. పోలీసులెందుకు, స్టేషనెందుకు? నిజం నిలకడ మీద తేలుతుంది. అక్కయ్యకి గుర్తుంది."

గుర్తుంది. ఒకసారి ఏ పాపం తెలియని పాలేరొకడు భయంతో నోరెండిపోయి దొంగయ్యాడు. అది కూడా గుర్తుంది.

"నువ్వేమో మాత్ర వల్ల అంటున్నావు. మా భావనేమో నీ చేతుల వల్ల అంటోంది. సరే, మాత్ర ఆపి చూద్దాం. దీపావళి దాకా. మాత్ర లేకుండా మచ్చలు రాలేదనుకో, నీ మాటే నిజం, అందరం నీకు క్షమాపణ చెప్పుకుంటాం. వచ్చాయో, నువ్వు మీ అమ్మగారింటికి పోదువు గాని. ధర్మంగా లేదూ?"

"ధర్మంగా ఉంది" అంది భావన.

ప్రసన్నకుమార్ మళ్ళీ క్యాలెండరు వంక తిరిగాడు.

సంతోషి కేక పెట్టింది. "అయ్యో మామయ్యా! అది ఆపే గోలి గాదు! అత్తమ్మ గుండె వరస తప్పి కొట్టుకుంటున్నది, దాంట్ల రక్తం నిలవడి గడ్డ గడతది. ఆ గడ్డ పొయి నెత్తిల ఇరుక్కుంటెనే గిట్లయింది. గోలి ఆపితే మళ్ళ గడ్తది. ఎక్కువైతే డాక్టరు తగ్గియ్యాలె, మనమే బందు పెట్టొద్దు. డాక్టరుకు ఫోన్ జెయ్యుండ్రి, ఇప్పుడే చేస్త నేను."

"డాక్టరు మందు మానమంటాడటమ్మా? వాడి వ్యాపారం అది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, రక్తం నీళ్ళు చేసి పెట్టాడు మా అక్కయ్యకి."

"మచ్చలే గదా మీ పంచాయతీ? సరే, నేనే కొట్టిననుకోండ్రి." సంతోషి రెండు చేతులూ జోడించింది. "నేనే కొట్టిన. నన్ను పంపియ్యుండ్రి. గోలి మాత్రం ఆపకుండ్రి."

వ్యవహారం అక్కడైనా ఆగాల్సింది.

"విన్నారా!" అంది భావన. "పరీక్ష పెడదామనేసరికి ఒప్పేసుకుంది. మాత్ర ఆపితే బండారం బయటపడుతుందని తెలుసు. అందుకే దాని మీద అంత పట్టు!"

త్రినాథరావు తల పంకించాడు. బల్ల మీదున్న మాత్రల అట్ట తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

అప్పుడు తిరిగింది హనుమాయమ్మ మొహం గోడ వైపు నుంచి.

ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరు కోడలికి చెబుతుంటే తనూ విన్నది. మాట పడిపోయింది కనుక ఈవిడకేం తెలుస్తుందిలే అని ఆయన గొంతు తగ్గించకుండానే చెప్పాడు. ఈసారి వస్తే ఇలా సగంతో పోదు అన్నాడు. ఇప్పుడు తమ్ముడి జేబులో ఆ అట్ట అంచు మెరుస్తుంటే ఆమె గుండె ఉడుకుతున్న పప్పుగిన్నె మీద మూతలా తడబడుతూ కొట్టుకుంది. కోడలు పోవాలని కోరుకుంది. తను పోవాలని కోరుకోలేదు.

సంతోషి మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి అత్తగారి ఎడమచెయ్యి పట్టుకుంది, కమలకుండా, ఉత్త వేళ్ళ చివర్లతో.

"అత్తమ్మా, ఒక్కసారి తల అడ్డం ఊపుండ్రి. నా కోసం ఒద్దు. మీ పానం కోసం ఊపుండ్రి."

హనుమాయమ్మ కూతురి వంక చూసింది, తమ్ముడి వంక చూసింది. ఇప్పుడు చెబితే ఇందాకటి మౌనానికి ఏం సమాధానం? చిన్నతనమా? చిన్నతనమే. కాని చావు దాని కన్నా పెద్దది. నోరు తెరిచింది.

"కొట్టలేదు" అంది. తేటగా, గదిలో నలుగురికీ వినపడేట్టు. "జారి పడబోతే... పట్టుకుంది. మాత్ర... ఇవ్వండి."

ప్రసన్నకుమార్ గుమ్మం వదిలి ఒక అడుగు ముందుకొచ్చాడు. భావన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

త్రినాథరావు మాత్రం చలించలేదు. "చూశావా ప్రసన్నా? మూడు నెలలు రాని మాట ఇప్పుడు తన్నుకొచ్చింది. ఎందుకొచ్చింది? ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని మీద మీద కూర్చుంది కనుక వచ్చింది. భయం మూగవాడి చేత కూడా మాట్లాడిస్తుంది. ఇందాక నేను నిమ్మళంగా అడిగితే ఏం చేసింది? గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఏది నిజం?"

"లే వదినా అక్కణ్ణుంచి. అమ్మ చెయ్యి వదులు" అంది భావన.

సంతోషి అప్పటికే వదిలేసింది. ఆమెకి త్రినాథరావు మాటలు వినపడ్డాయో లేదో. అత్తగారి మొహం వంకే చూస్తోంది.

"మాట ఒస్తదా అత్తమ్మా మీకు?"

హనుమాయమ్మ కళ్ళు దించుకుంది.

"ఎప్పటి సంది?"

హనుమాయమ్మ ఎడమచేత్తో దుప్పటి అంచు పైకి లాక్కుంది.

"సమజ్ అయితలేదనుకున్న" అంది సంతోషి మెల్లగా. "ఇందాక మామయ్య అడిగినప్పుడు మీకు సమజ్ అయింది. ఆయన అడిగింది సమజ్ అయింది, నేను వెనకేసుకొచ్చింది సమజ్ అయింది. అన్ని తెలిసే అటు దిక్కు తిరిగిన్రు."

లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు భుజాన సంచి ఉంది.

"ఎక్కడికి?" అన్నాడు ప్రసన్నకుమార్.

"మా అమ్మ దగ్గరికి."

"బస్సుల్లేవు సంతోషీ."

"నడుస్త. నువ్వు రాకు. మీ అమ్మ కాడ ఎవరన్న ఉండాలె గదా." ఆగి, "గోలి సంగతి నీకు తెలుసు. ఇప్పించేదుంటే నువ్వే ఇప్పించు" అంది.

ప్రసన్నకుమార్ మేనమామ జేబు వంక చూశాడు. అడగడానికి నోరు తెరిచాడు. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసేసరికి మూసుకున్నాడు.

హనుమాయమ్మ అదంతా చూస్తోంది. ఈ గదిలో ఆ మాత్ర కోసం కొట్లాడే మనిషి ఒక్కతే. ఆ ఒక్కతీ చెప్పుల్లో కాళ్ళు పెడుతోంది.

"సంతోషీ" అంది. నాలుగేళ్ళలో ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. "చెప్పు... వీళ్ళకి చెప్పి వెళ్ళు."

సంతోషి గుమ్మంలో ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయిగాని తడి లేదు.

"మీరే చెప్పుకోండ్రి అత్తమ్మా. మాట మంచిగనే ఒస్తున్నది."

మెట్లు దిగుతున్న చప్పుడు వినపడింది. కిందకి వెళ్ళాక ఊరేగింపు డప్పుల్లో కలిసిపోయింది. ప్రసన్నకుమార్ గుమ్మం దాకా వెళ్ళాడు. గుమ్మం దాటలేదు.

హనుమాయమ్మ తమ్ముడి వైపు తిరిగింది. ఎడమచెయ్యి చాపి ఆయన జేబు అంచు అందుకోబోయింది. అందలేదు.

"మాత్ర" అంది. "త్రినాథా... మాత్ర."

భావన ఒక్క ఉదుటున వచ్చి తల్లిని కావలించుకుంది. సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

"మామయ్యా, విన్నారా! ఎంత స్పష్టంగా వస్తోందో! ఆవిడ అలా గడప దాటిందో లేదో, భయం పోయి అమ్మకి మాటొచ్చేసింది! అన్నయ్యా, నువ్వూ విన్నావుగా?" ఫోను తీసి రేపల్లెలో పెద్దమ్మకి కలుపుతూనే తల్లి నుదుటి మీద చెయ్యి వేసి నిమిరింది.

"మాత్ర కావాలి" అంది హనుమాయమ్మ, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని.

"భయపడకమ్మా" అంది భావన. "ఇక నీ చేత ఎవరూ బలవంతంగా మింగించరు."